బిళ్ళ లేని దూడ

మా మున్సిపాలిటీ అంత భద్రమైన మున్సిపాలిటీ మన రాష్ట్రంలో మరొకటి లేదు. ఇది నా అభిప్రాయం కాదు. ఆఫీసు గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు. ఊరి పేరు మాత్రం చెప్పను. చెప్పడానికి అనుమతి కావాలి, నాకది లేదు.

ఈ భద్రత గాడిద దగ్గర మొదలైంది. ఒకరోజు పొద్దున్నే కమిషనర్ పరాంకుశరావు గారు కంప్యూటర్ తెరిచేసరికి, తెర మీద ఉండాల్సిన ఆయన సన్మానం ఫొటో పోయి, పూలదండ నములుతున్న గాడిద బొమ్మ కనపడింది. ఎవరు మార్చారో తేలలేదు. తేలే దారి కూడా లేదు. ఆఫీసు మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. ఎవరూ మర్చిపోకూడదని దాన్ని నోటీసు బోర్డుకి అంటించారు. ఎదురుగా టీ కొట్టు వాడికి కూడా కంఠతా వచ్చు. మీరూ నేనూ అయితే పాస్‌వర్డ్ మార్చుకుని పని చూసుకుంటాం. కానీ ఆయన అధికారి. రాజధానికి ఫోన్ చేసి నిపుణుణ్ణి పిలిపించారు.

నిపుణుడి పేరు నిశ్చల్. మీసం ఇంకా సరిగా రాలేదు, మాట మాత్రం బాగా ముదిరింది. కంప్యూటర్లన్నిటిలో ఏదో ఎక్కించి దాన్ని 'భద్రతా విస్తరణ' అన్నాడు. కంప్యూటర్‌ని లోపల ఉండి నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్ గదా, దాని గుండెకాయ పక్కనే ఒక కాపలావాణ్ణి నిలబెట్టాడట. సిబ్బందిని కూర్చోబెట్టి వివరించాడు.

"ఇక నుంచి ప్రతి యూజరుకీ ఒక లేబులు, ప్రతి ఫైలుకీ ఒక లేబులు. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో పాలసీలో ఉంటుంది. మూడే సూత్రాలు సార్. అనుమతి ఇవ్వనిదల్లా నిషిద్ధం. పిల్లకి తల్లి లేబులే వస్తుంది. నిషిద్ధమైన దాన్ని ముట్టుకున్నది కూడా నిషిద్ధమే."

"మరి కమిషనర్‌కి?" అని అడిగారు పరాంకుశరావు గారు.

"మీకూ అంతే సార్. సిస్టమ్‌కి యజమాని అయినా సరే, పాలసీ కాదంటే కాదంతే."

అక్కడున్న గుమాస్తాలంతా తలలు దించుకున్నారు, ఇప్పుడు వీడికి మూడిందని. మూడలేదు. కమిషనర్ గారి కళ్ళు చెమర్చాయి. "ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను కాదన్నవాడు ఒక్కడూ లేడయ్యా! నన్ను సైతం తిరస్కరించగల వ్యవస్థ! ఇట్టి మహత్తర విధానమును కేవలం కంప్యూటర్లకు పరిమితము చేయుట ప్రజాద్రోహము అగును. యావత్తు కార్యాలయమునకు విస్తరింపజేయవలెను."

విస్తరించారు. మనుషుల గుండెల మీదికి బిళ్ళలు వచ్చాయి. బిళ్ళలో చిన్న దీపం. అనుమతి ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు, పైగా కుయ్‌మని కూత. బల్లలకి, బీరువాలకి, ఫ్యాన్లకి, మంచినీళ్ళ కుండకి లేబుళ్ళు అంటించారు. తలుపులకి ఎలక్ట్రానిక్ తాళాలు బిగించారు. అటెండరు బిళ్ళకి ఫైళ్ళు మోసే అనుమతి వచ్చింది, తలుపు తీసే అనుమతి రాలేదు. తలుపు తీసే అనుమతి వాచ్‌మన్‌కి ఉంది, కానీ అతను ఫైళ్ళు చూడకూడదు. అందుకని వాచ్‌మన్ కళ్ళకి తువ్వాలు కట్టుకుని తడుముకుంటూ తలుపు తీసేవాడు, అటెండరు ఫైలు మోసుకుంటూ అతని కాళ్ళ మీదుగా నడిచిపోయేవాడు. కుండకీ గ్లాసుకీ వేరే వేరే లేబుళ్ళు పడ్డాయి. నడిఎండాకాలంలో గుమాస్తాలు కుండ వైపు చూసి గుటకలు మింగేవాళ్ళు, అదీ చూసే అనుమతి ఉన్నవాళ్ళే. పాలవాడు తెచ్చే పాలకి లేబులు లేదు కాబట్టి లోపలికి రానివ్వలేదు. ఆఫీసంతా నల్లటి టీ తాగడం మొదలెట్టింది.

జనం పని ఏమైందంటారా? జనానికి బిళ్ళ లేదు. బిళ్ళ కావాలంటే ఆఫీసు లోపలికి వెళ్ళి అడగాలి. లోపలికి వెళ్ళాలంటే బిళ్ళ ఉండాలి. ఫిర్యాదులు ఒక్కటీ రావడం లేదని కమిషనర్ గారు పైకి నివేదిక పంపారు. నిజమే పంపారు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి మిగిలింది. "అనుమానం వచ్చిన ఫైలుని చెరిపెయ్యకూడదు సార్" అన్నాడు నిశ్చల్. "విడిగా ఒకచోట బంధించాలి. క్వారంటైన్ అంటాం."

"మన పరిధిలో బంధించుటకు తగిన స్థలమేది?"

చివరికి శానిటరీ ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "బందెలదొడ్డి ఉంది గదండీ."

ఊరి మీద పడి తిరిగే గొడ్లని పట్టి కట్టేసే దొడ్డి అది. ఎత్తు గోడ, గోడ మీద గాజుపెంకులు, ముందు ఒక ఇనుప గేటు. గేటుని పట్టుకున్న గుంజలు కర్రవి, చెదలు తినగా మిగిలినవి. ఆ గేటుకి రాజధాని నుంచి తెప్పించిన ఎలక్ట్రానిక్ తాళం బిగించారు. తాళం పక్కనే స్పీకరు. గుంజల జోలికి పోలేదు. గుంజల సంగతి పాలసీలో లేదు. గేటు కమ్మీల సందుల్లోంచి జనం లోపలికి చూస్తున్నారని, చూడటం కూడా చదవడం కిందికే వస్తుందని నిశ్చల్ అంటే, గేటు మొత్తానికి రేకు కొట్టించారు.

ఇంత ఏర్పాటు చేశాక లోపల ఏదో ఒకటి ఉండాలి గదా. అప్పుడు దొరికింది రోశమ్మ గేదె.

రోశమ్మ మా వీధిలో పాలు పోస్తుంది. గేదె పేరు బొల్లి. నుదుటి మీద తెల్ల మచ్చ. కొత్తగా ఈనింది, దూడ ఇంకా కాళ్ళు నిలదొక్కుకోలేదు. ఎండకి నీళ్ళు వెతుక్కుంటూ పోయి బొల్లి మున్సిపల్ ఆఫీసు ఆవరణలో కారుతున్న కొళాయి దగ్గర మూతి పెట్టింది. బిళ్ళ లేని శాల్తీ ఆవరణలో ప్రవేశించిందని సైరన్ మోగింది. కళ్ళకి తువ్వాలు కట్టుకున్న వాచ్‌మన్‌తో సహా అందరూ పరిగెత్తారు. బొల్లిని కర్రలతో అదిలించి క్వారంటైన్‌లోకి తోలి, లోపలి కాపలాదారు చేత చెవికి ఎర్ర లేబులు కుట్టించారు.

మా వీధిలో ఆఫీసుల వాళ్ళతో గొడవంటే నన్ను పిలుస్తారు. నాకు పెద్దగా చదువు రాదు, గొంతు మాత్రం ఉంది. రోశమ్మ దూడని భుజాన వేసుకుని వచ్చింది. దాని తల వేలాడుతోంది.

"పక్కింటి గేదె కింద వదిలితే తన్నింది తమ్ముడూ. సీసాతో పోతపాలు పడితే కక్కేసింది. తల్లి పాలు పడకపోతే ఇది బతకదు. పద, అడుగుదాం."

వెళ్ళాం. గేటు లోపలి నుంచి బొల్లి అరుస్తోంది. బయట దూడ అరవాలని చూస్తోంది, గొంతు రావడం లేదు. తల్లీ పిల్లా మధ్య ఒక రేకు.

"జక్రయ్య బావా! ఓ జక్రయ్య బావా!" అని రేకు మీద కొట్టింది రోశమ్మ. జక్రయ్య దొడ్డి కాపలాదారు, రోశమ్మకి వరసకి బావ అవుతాడు. ఇన్నేళ్ళూ బీడీ కాల్చుకుంటూ గేటు బయట కూర్చునేవాడు. ఇప్పుడు లోపలి నుంచి పలికాడు.

"కొట్టమాకు రోశమ్మా. తట్టే అనుమతి నీకు లేదు."

"నీ అనుమతి పాడుగాను! దూడ సచ్చిపోతాంది బావా. ఒక్క నిమిషం తల్లి కింద పెట్టి తీసుకుపోతా. గేటు తియ్యి."

"నా చేతుల్లో లేదమ్మే. గేటే తెరుచుకోవాలి."

"పోనీ పాలన్నా పిండి గోడమీంచి అందియ్యి."

"పిండుతున్నా. పిండకపోతే పొదుగు పగిలిపోయేట్టు ఉంది. కానీ పాలు బయటికి పంపకూడదంట. ఎర్ర లేబులు గేదె పాలు గదా, అయ్యీ ఎర్రయే నంట. గోడ దాటినయ్యంటే నా ఉద్యోగం గోవిందా. ఈ ఏడన్నా పర్మినెంటు చేస్తారని సూత్తన్నా."

రోశమ్మ రేకులో మేకు దిగిన కంతకి కన్ను ఆనించి చూసింది. "ఆ తొట్టి చూడు బావా, పాకుడు ఎట్టా పట్టిందో. కడిగి నీళ్ళన్నా పెట్టరాదా?"

"తొట్టి కడిగే అనుమతి నా బిళ్ళలో లేదు."

"ఇంటికన్నా పోతున్నావా, లేదా?"

"డ్యూటీలో ఉన్నా" అన్నాడు.

అంతలో జీపు వచ్చి ఆగింది. కమిషనర్ గారు దిగారు, వెనక నిశ్చల్. మర్నాడు రాష్ట్రస్థాయి భద్రతా పురస్కారం కమిటీ వస్తోందట, క్వారంటైన్‌ని చూపించడానికి ఏర్పాట్లట. రోశమ్మ దూడతో సహా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"అయ్యా, తమరే దిక్కు. నా గొడ్డుని వదిలిపెట్టండయ్యా. ఈ దూడని చూడండి."

కమిషనర్ గారు దూడని చూడలేదు. అది చూడవలసిన జాబితాలో ఉందో లేదో తెలియదు గదా. "సదరు పశువు అనుమానాస్పద వస్తువు. క్వారంటైన్ నుండి వస్తువులను విడుదల చేయుటకు పాలసీలో ఎట్టి నిబంధనయు లేదు. నాకును ఆ అధికారము లేదు. లేకపోవుటయే ఈ వ్యవస్థ యొక్క గొప్పదనము."

"అయితే దూడని లోపలికి పంపండి" అన్నాను నేను. "దానికేం అనుమానం?"

"లేబులు లేదు గదండీ" అన్నాడు నిశ్చల్. పాపం, నిజంగా బాధపడుతూనే అన్నాడు. "లోపల పుట్టి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. తల్లి లేబులు ఆటోమేటిగ్గా వచ్చేసేది. ఇది ముందే బయట పుట్టేసింది. అదీ ప్రాబ్లం."

"అయితే ఏంజేయమంటావు బాబూ?" అంది రోశమ్మ. "మళ్ళీ కడుపులోకి తొయ్యమంటావా?"

నిశ్చల్ ఆలోచించాడు. ఒట్టు, నిజంగానే ఆలోచించాడు. "దానికి సపోర్ట్ లేదమ్మా" అన్నాడు చివరికి.

నేను గొంతు పెంచాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అచ్చులోకి రాదు. కమిషనర్ గారి బిళ్ళ ఆకుపచ్చగా వెలిగింది, గేటు తెరుచుకుంది, వాళ్ళు లోపలికి పోయారు, మూసుకుంది. గోడ అవతల వాళ్ళ మాటలు మాకు వినపడుతూనే ఉన్నాయి.

"కమిటీ వారికి నల్ల తేనీరు ఇచ్చుట మర్యాద కాదు. పాల మాటేమిటి?"

"బయటి పాలకి లేబులు లేదు సార్. ఊరు మొత్తం మీద లేబులున్న పాలు ఈ గేదెవి మాత్రమే."

"అవి నిషిద్ధము కదటయ్యా?"

"బయటికి తీసుకెళ్తేనే సార్. సభ లోపలే పెట్టుకుని, లోపలే తాగితే బయటికి పోయేదేముంది?"

"శభాష్" అన్నారు కమిషనర్ గారు.

రోశమ్మ నా వైపు చూసింది. "నా దూడ నోటికాడి పాలు, వీళ్ళకి టీనా?" అని అడిగింది. ఆ రాత్రి గుడ్డని గంజినీళ్ళలో ముంచి, చుక్క చుక్కా దూడ నోట్లో పిండిందట.

మర్నాడు సభ. దొడ్డి లోపల షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పేడ మీద కార్పెట్. కమిటీ పెద్దాయన శాలువాతో వచ్చారు. అందరి గుండెల మీదా ఆకుపచ్చ దీపాలే. గేటు తెరుచుకోవడం, వాళ్ళు పోవడం, మూసుకోవడం. బయట మేం ముగ్గురం, నేనూ రోశమ్మా దూడా. రోశమ్మ మేకు కంతకి కన్ను పెట్టి చూస్తూ, లోపల జరిగేదంతా నాకు చెబుతోంది.

కమిషనర్ గారు మైకులో గర్జించారు. "ఇప్పుడు ప్రత్యక్ష ప్రదర్శన! అనుమానాస్పద వస్తువును కట్టు విప్పి వదలుచున్నాము. అది బయటపడుటకు ప్రయత్నించును. వ్యవస్థ ఎట్లు తిరస్కరించునో తిలకించండి. జక్రయ్యా, విప్పు!"

"పలుపు విప్పాడు తమ్ముడూ!" అంది రోశమ్మ.

బొల్లి గేటు దాకా వచ్చింది. తాళంలోంచి ఒక ఆడగొంతు తియ్యగా పలికింది: "క్షమించండి. మీకు అనుమతి లేదు." బొల్లి చెవులాడించింది. చప్పట్లు మోగాయి. కమిటీ పెద్దాయన, "గేదెతో కూడా ఎంత మర్యాద!" అన్నారు. బొల్లి వెనక్కి తిరిగి కార్పెట్ వాసన చూడసాగింది. దాన్ని మళ్ళీ కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు. టీ వచ్చింది.

చిక్కటి టీ. ఎన్నాళ్ళకో చూశారేమో, అందరూ ఊదుకుంటూ ఆత్రంగా తాగారు. సూత్రం ప్రకారం ఎర్ర పాలు పోసిన గ్లాసులకి ఎర్ర లేబుళ్ళే అంటించారు. మొదట కమిటీ పెద్దాయన గుండె మీద కుయ్‌మంది. దీపం ఎర్రబడింది. ఇది కూడా ప్రదర్శనలో భాగమనుకుని మళ్ళీ చప్పట్లు. తర్వాత కమిషనర్ గారిది. తర్వాత వరసలు వరసలుగా కుయ్ కుయ్‌మని, దొడ్డంతా ఎర్ర దీపాలే.

పెద్దాయన శాలువా సర్దుకుని బయల్దేరారు. గేటు దగ్గరికి వచ్చారు.

"క్షమించండి. మీకు అనుమతి లేదు."

"ఏమయ్యా ఇది?"

కమిషనర్ గారు ముందుకొచ్చారు. "నేను కమిషనర్‌ని."

"క్షమించండి. మీకు అనుమతి లేదు."

"నిశ్చల్!"

"పాలసీ కరెక్టుగానే పనిచేస్తోంది సార్!" నిశ్చల్ గొంతులో గర్వం దాగలేదు. "నిషిద్ధమైన దాన్ని ముట్టుకున్నది కూడా నిషిద్ధమే. మూడో సూత్రం."

"మార్చవయ్యా దాన్ని!"

"నేను కూడా టీ తాగాను సార్. ఇప్పుడు నా లాప్‌టాప్ నన్ను నమ్మదు."

"టీ తాగనివాడు ఎవడైనా ఉన్నాడా ఇక్కడ?"

"నేను తాగలేదండీ" అన్నాడు జక్రయ్య. "కానీ పాలు పిండింది నేనే గదా. నా బిళ్ళ మొదటి రోజే ఎర్రబడింది. అప్పట్నించీ ఇక్కడే పడుకుంటన్నా. మా ఆడది అన్నం పొట్లం గోడమీంచి ఇసురుద్ది. తమరికి చెబుదామనుకున్నా గానీ, చెప్పే అనుమతి లేదు గదండీ."

లోపల గోల మొదలైంది. కుర్చీలు పడ్డాయి. ఎవరో గేటు మీద దబదబా బాదారు. రేకు అవతల నుంచి కమిషనర్ గారి గొంతు వినపడింది. మొదటిసారి ఆ గొంతులో గ్రాంథికం లేదు. "ఎవరన్నా ఉన్నారా బయట? అమ్మా! గేదె తాలూకు అమ్మా! ఉన్నావా? ఆ తాళం ఎట్లాగన్నా పగలగొట్టించమ్మా!"

"నాకు బిళ్ళ లేదు గదయ్యా" అంది రోశమ్మ.

అని ఊరుకోలేదు. భుజం మీది దూడని దించి, గేటు కిందికి జరిపి, రేకుకీ నేలకీ మధ్య ఉన్న సందు దగ్గర దాని మూతి పెట్టింది. దాని చెవిలో ఏదో అంది, వీపు మీద చరిచింది. దూడకి మిగిలి ఉన్న గొంతంతా ఒక్కసారే వచ్చింది. పెద్ద అరుపు కాదు. రేకు అవతల ఉన్నవాళ్ళెవరికీ వినపడి ఉండదు.

వినాల్సినదానికి వినపడింది.

"బొల్లీ! దా! దా తల్లీ!" అని కేకేసి, రోశమ్మ దూడని లాక్కుని పక్కకి దొర్లింది.

లోపల కుర్చీలు విరిగిన చప్పుడు. షామియానా గుంజ కూలిన చప్పుడు. "క్షమించండి. మీకు..." అని తాళం మొదలెట్టింది. పూర్తి చెయ్యలేదు. చెదలు తిన్న గుంజలు రెండూ మొదళ్ళతో సహా లేచి వచ్చాయి. రేకుతో, తాళంతో, స్పీకరుతో కలిపి గేటు రోడ్డు మీద వెల్లకిలా పడింది. కొమ్ములకి షామియానా తోరణం చుట్టుకుని, దాని మీదుగా బొల్లి నడిచి వచ్చింది.

దుమ్ము తగ్గేసరికి దూడ తల్లి కింద ఉంది. ముందు కాళ్ళు వణుకుతున్నాయి. పట్టు వదలలేదు. నోటి పక్కల నుంచి నురగ కారుతోంది. రోశమ్మ నేల మీదే కూర్చుని, దాని వీపు మీద చెయ్యి వేసి, గట్టిగా ఊపిరి వదిలింది.

"తాళం చూడండి సార్, చెక్కుచెదరలేదు!" అన్నాడు నిశ్చల్ లోపల నుంచి. నిజమే. దుమ్ములో పడి ఉన్నా ఆకుపచ్చగానే వెలుగుతోంది.

"ఆ దూడని ఆపండి" అన్నారు కమిషనర్ గారు. ఆయనకి గ్రాంథికం తిరిగి వచ్చింది. "నిషిద్ధ పదార్థమును సేవించుచున్నది."

"సేవించనీ అయ్యా" అంది రోశమ్మ. "ఎర్రబడటానికి దానికి బిళ్ళేది?"

గేటు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీకి అవతల కమిషనర్ గారు, కమిటీ పెద్దాయన, నిశ్చల్, ఆఫీసు ఆఫీసంతా, గుండెల మీద ఎర్ర దీపాలతో బారులు తీరి నిలబడి ఉన్నారు. ఒక్కడూ అడుగు వెయ్యడం లేదు.

"రండయ్యా బయటికి" అంది రోశమ్మ. "ఇంక గేటు లేదు గదా?"

కమిషనర్ గారు ఒక కాలు ఎత్తారు. బయట పెట్టబోయారు. బిళ్ళ కుయ్‌మంది. దుమ్ములోంచి ఆడగొంతు పలికింది: "క్షమించండి. మీకు అనుమతి లేదు." కాలు వెనక్కి తీసుకున్నారు.

"గేటు లేకపోవుట వేరు. అనుమతి ఉండుట వేరు" అన్నారు.

కమిటీ పెద్దాయన తల పంకించారు. ఇంత క్రమశిక్షణ తాను ఏ ఊళ్ళోనూ చూడలేదన్నారు. పురస్కారం అక్కడే, విరిగిన కుర్చీల మధ్య, తన చేతుల మీదుగా కమిషనర్ గారికి ఇచ్చేశారు. చప్పట్లు కొట్టారు. ఎండ ముదిరింది. ఎవరో దాహమన్నారు. ఎవరికీ కదిలే అనుమతి లేదు.

దూడ కడుపు నిండి కాళ్ళు చాపింది. రోశమ్మ దాన్ని ఎత్తి భుజాన వేసుకుంది. బొల్లి చెవికున్న ఎర్ర లేబులు పీకి పారేసింది. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగింది.

"జక్రయ్య బావా! పాపం, ఎండన పడి ఉన్నారు, వాళ్ళకి నీళ్ళు పెట్టు. పెట్టేముందు ఆ తొట్టి కడుగు, పాకుడు పట్టింది."

జక్రయ్య కమిషనర్ గారి వైపు చూశాడు. గేటు లేని ఖాళీ వైపు చూశాడు. గుండె మీది బిళ్ళ ఊడదీసి, లుంగీ మడిచి కట్టి, తొట్టి కడగడానికి వెళ్ళాడు.